టైరు మీద మూసిన పెట్టె

జూన్ 6, 2005. సోమవారం

రోహిణి కార్తె రేపో మాపో వెళ్ళిపోతుంది. ఎండ మాత్రం వెళ్ళే ఉద్దేశంలో లేదు. ఉదయం ఒక ఇండికాకు వెనక డోర్ల స్పీకర్లు మార్చాను. మధ్యాహ్నం కరెంటు లేక ఊరకే కూర్చున్నాను. సాయంత్రం పన్నెండంగుళాల స్పీకరుకు పోర్టు బాక్సు బిగించాను. ప్లైవుడ్ పొడి చెమటకు అంటుకుని ఒళ్ళంతా దురద.

కొట్టు మూసే ముందు మురళి వచ్చాడు. ఆకివీడు అవతల కొల్లేటి వైపు వాళ్ళకు చేపల చెరువులు ఉన్నాయి. కొత్త స్కార్పియో కొన్నాడు. అందులో బేస్ బాక్సు కావాలి.

"మూసిన పెట్టె బాగుంటుందాండీ, కన్నం పెట్టె బాగుంటుందా?" అన్నాడు.

అందరికీ చెప్పేదే చెప్పాను. మూసిన పెట్టె, అంటే సీల్డు బాక్సు, చిన్నది. అందులో దరువు దెబ్బ పడిన చోటే ఆగుతుంది, సాగదు. కాని ఆంప్లిఫయరు ఎక్కువ శ్రమపడాలి. కన్నం పెట్టెకు, అంటే పోర్టు బాక్సుకు, ముందు పలకలో ఒక పైపు ఉంటుంది. స్పీకరు వెనక గాలి కూడా ఆ పైపులోంచి బయటికి వచ్చి మోతకు తోడవుతుంది. అదే ఆంప్లిఫయరుతో ఇంకా గట్టిగా మోగుతుంది. పెట్టె పెద్దదవుతుంది.

"మీరైతే ఏది పెట్టుకుంటారు?"

"పోర్టే."

"మా నాన్న డిక్కీలో తవుడు బస్తా పట్టాలంటున్నారండీ."

"స్కార్పియోలో తవుడా?"

"ఆయనకి అది స్కార్పియో కాదండీ. తలుపులున్న ఎడ్లబండి."

అడిగి చెబుతానని వెళ్ళాడు.

ఇంటికి వస్తే హన్నమ్మ అత్త ఏలూరు నుంచి మా గూడెం వచ్చి ఉంది. నేను చెప్పులు విడవక ముందే మొదలుపెట్టింది. "మూడో ఏడు నిండింది. శాలిని ఇంకా అమ్మా అనలేదు. నీ కొట్టు మోతకే దాని చెవులు పోయాయబ్బాయ్. కడుపుతో ఉన్నప్పుడు కూడా నా కూతురు ఆ డబ్బాల మధ్యే కూచుంది కదా."

హెప్సిబా వంటింట్లోంచి "అమ్మా, ఊరుకో" అంది.

శాలిని చెవులకేమీ కాలేదు. బుద్ధి పుట్టినప్పుడు పిలిస్తే తిరుగుతుంది.

జూన్ 9

ఎండ. ఇంటి వెనక రైలు కట్ట మీద మెయిలు కూత వేసుకుంటూ వెళ్ళింది. పెరట్లో శాలిని తిరగలేదు. అత్త నా వైపు చూసింది. రైలు పక్కన పుట్టిన పిల్ల కూతకు తిరుగుతుందా? నేనూ తిరగలేదు.

జూన్ 11

శాలిని తిరిగింది.

హెప్సిబా క్యారేజీ తెచ్చినప్పుడు వెంట తీసుకొచ్చింది. కొత్త పోర్టు బాక్సు ముందు గోనెపట్టా మీద కూర్చోబెట్టాను. బాక్సుకు వీపు పెట్టి, స్క్రూలు ఒక్కొక్కటే డబ్బాలో వేసుకుంటోంది. నేను వెనక నుంచి సీడీ పెట్టాను. మొదటి దెబ్బకే తిరిగింది. ఆపాను. మళ్ళీ స్క్రూలలో పడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తిరిగింది, ఈసారి నవ్వింది కూడా.

హెప్సిబాకు చూపించాను. ఆమె చూసింది. క్యారేజీ కడిగి తీసుకుపోయింది.

అత్తకు సాయంత్రం చెప్పాను. "నాకూ సంతోషమే అబ్బాయ్" అంది. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. రేపు చర్చిలో ఆరాధన అయ్యాక ఏలూరు వెళ్ళిపోతుంది.

జూన్ 12. ఆదివారం

ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. లేవబోయాను. హెప్సిబా ఆడవాళ్ళ వైపు నుంచి నన్నే చూస్తోంది. వద్దన్నట్టు తల ఊపింది. కూర్చున్నాను. ఇంటికొచ్చాక "ఇంకొన్నాళ్ళు ఆగండి బావా" అంది.

జూన్ 14

తిరిగింది.

జూన్ 15

తిరిగింది. ఈ రోజు వేరే పాటకు.

జూన్ 17

మబ్బు. వాన లేదు. ఒక వ్యానుకు ఆంప్లిఫయరు తీగలు మార్చాను. మురళి మళ్ళీ వచ్చాడు.

"మా నాన్న కన్నం పెట్టె వద్దంటున్నారండీ."

"బస్తా గురించేనా?"

"బస్తా సంగతి సర్దుకున్నారండీ. ఇప్పుడు పాము. మా చెరువుల కాడ కన్నం అనేది ఏదున్నా పాము ఖాళీగా ఉంచదంటున్నారు. డిక్కీ తలుపు తీసి పెట్టి మేత దింపుతాం కదాండీ, పాట వింటూ ఉండగా అది బయటికొస్తే?"

"పైపుకు జాలీ కొడతాను."

"జాలీ మీద ఆయనకి నమ్మకం పోయిందండీ. చెరువు తూముకి జాలీ కడితే, ఎలా దూరిందో కొర్రమీను దూరి చేపపిల్ల మొత్తం తినేసింది."

నవ్వాను. అయినా ఒప్పుకోలేదు. స్కార్పియో అంత బండికి సీల్డు బాక్సు మోత ఆనదని చెప్పాను. సంక్రాంతి ముందు క్వాలిస్‌కు సీల్డే చేశాను. ఆ బండి వేరు.

"మీరు ఇంత గట్టిగా చెబుతున్నారంటే పోర్టులో ఏదో ఉందండీ" అని వెళ్ళాడు.

జూన్ 20

హెప్సిబా ఈ రోజు కొట్టులో నా భుజం మీది తువ్వాలు తీసుకుంది. ముఖం తుడుచుకోవడానికి అనుకున్నాను. ఉండచుట్టి పోర్టు బాక్సు పైపులో కుక్కింది.

"ఇప్పుడు పెట్టండి" అంది.

పెట్టాను. శాలిని స్క్రూలు డబ్బాలో వేసుకుంటూ కూర్చుంది. హెప్సిబా తువ్వాలు తీసింది. "ఇప్పుడు పెట్టండి." శాలిని తల వెనక జుట్టు కదిలింది. తిరిగింది.

"గాలికి తిరుగుతోంది బావా. మెడకు గాలి తగిలి తిరుగుతోంది."

తువ్వాలు కుక్కితే పెట్టె పీక నొక్కినట్టే అని చెప్పాను. మోత తగ్గిపోతుంది. అది పరీక్ష కాదు.

"మరి ఏది పరీక్ష?"

"అసలు కన్నమే లేని పెట్టె కావాలి. నేలకు అదురు దిగకుండా ఎత్తున పెట్టాలి. మోత ఇంతే ఉండాలి."

"చెయ్యండి."

"ప్లైవుడ్ లేదు."

ప్లైవుడ్ షీటు గోడకు ఆనించి ఉంది. ఆమె దాన్ని చూసింది. పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

జూన్ 21

వాన పడింది. మంచి వాన. ఊళ్ళో అందరూ సంతోషంగా ఉన్నారు.

జూన్ 23

హెప్సిబా అన్నం పెట్టింది. నేను తినకముందే వెళ్ళి పడుకుంది.

జూన్ 24

సీల్డు బాక్సు మొదలుపెట్టలేదు. పని ఒత్తిడి.

జూన్ 25

పని లేదు. వాన. రోజంతా కొట్టులో ఈగలు తోలుకున్నాను.

జూన్ 27

అత్త ఫోను చేసింది. ఏలూరులో చెవుల డాక్టరమ్మ ఉందట, చిన్నపిల్లలను చూస్తుందట. "ఒక్కసారి చూపిస్తే పోయేదేముంది అబ్బాయ్?" అంది.

పోయేదేముందో ఆమెకు తెలుసు. మొన్న తనే కదా అంది, నా మోతకే అని. డాక్టరమ్మ కూడా అదే అంటే ఆ కొట్టు తలుపు మళ్ళీ నేను ఎలా తీయాలి? హెప్సిబా ఎదురుగా ఎలా కూర్చుని తినాలి?

చూద్దాం అన్నాను.

జూన్ 29

పొద్దున్నే మురళి బండేసుకుని వచ్చాడు. వాళ్ళ నాన్న రామకోటి గారు స్వయంగా విని గాని తేల్చరట. పోర్టు బాక్సు డిక్కీలో పెట్టుకుని వెళ్ళాం. ఉండి దాటాక వాన ఆగింది. గట్ల మీద బురద. స్కార్పియో రెండు చోట్ల జారింది. మురళి పాట ఆపలేదు.

రామకోటి గారు చెరువులో ఉన్నారు. మనిషి సన్నంగా, లుంగీ పైకి కట్టుకుని పడవలో నిలబడి ఉన్నారు. కర్రలకు మేత సంచులు వేలాడదీస్తున్నారు. సంచి కట్టే ముందు తెడ్డుతో పడవ అంచు మీద కొడుతున్నారు. కొట్టగానే నీళ్ళు నల్లబడ్డాయి. చేపలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి.

గట్టు ఎక్కాక అడిగాను. "చప్పుడు వింటాయాండీ?"

"వింటాయో, నీళ్ళ అదురు ఒంటికి తగులుతుందో. చేప చెప్పదు కదండీ."

"తెలుసుకోవాలంటే ఎలాగండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "తెలుసుకుని ఏం చేత్తారండీ? వినే చేపకి ఒక మేత, వినని చేపకి ఒక మేత వేత్తామా? ఏ చేపకైనా సంచి కట్టాల్సిందే."

మురళి బాక్సు మోగించాడు. చెరువు మీద కొంగలు లేచిపోయాయి. రామకోటి గారు వంగి పైపులోకి తొంగి చూశారు. చెయ్యి పెట్టి చూశారు.

"ఇందులోంచి గాలి తోలుతోందండోయ్."

"అవునండీ."

"వేసంకాలంలో అయితే పనికొచ్చును. మూసిందే చేసి పెట్టండి జీవన్ గారూ. పాము సంగతి అలా ఉంచండి, నాకు గుండెల్లో దడగా ఉంది."

"నాన్నా, జీవన్ గారు అది ఆనదంటున్నారు" అన్నాడు మురళి.

"ఎవరికి ఆనదురా? నీకా, బండికా?"

ఆనుతుందని చెప్పాను. చేస్తానని చెప్పాను. మురళి దారి పొడుగునా నా మొహం చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం రొయ్యల కూరతో భోజనం పెట్టారు. బాగుంది.

జూలై 1

గోడకు ఆనించిన షీటు కోశాను.

జూలై 2

అతుకులన్నిటికీ జిగురు, దాని మీద సిలికాన్. ఆరాక స్పీకరు బిగించాను. పాట పెట్టి, గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని కొవ్వొత్తి వెలిగించి అతుకుల చుట్టూ తిప్పాను. ఎక్కడా దీపం కదల్లేదు. ఇంత బాగా కుదిరిన పెట్టె ఈ మధ్య చేయలేదు.

జూలై 4. సోమవారం

చినుకులు. కొట్టులో పాత టైరు ఒకటి పడేసి దాని మీద పెట్టె పెట్టాను. శాలిని ఎప్పటిలాగే వీపు పెట్టి కూర్చుంది. హెప్సిబా గుమ్మంలో నిలబడింది. ఈసారి నేనే పిలిచాను ఆమెను.

పాట పెట్టాను. శాలిని ఒక స్క్రూ తీసింది. డబ్బాలో వేసింది. ఇంకొకటి తీసింది. పెంచాను. ఎదురుగా సైకిలు షాపు ఆయన తొంగి చూశాడు. ఇంకా పెంచాను. శాలిని ఒక స్క్రూ వంకరగా ఉంటే దాన్ని పక్కన పెట్టింది. వంకర స్క్రూ పక్కన పెట్టాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఆపాను.

హెప్సిబా వచ్చి నా పక్కన కూర్చుంది. "రేపు ఏలూరు వెళ్దాం" అన్నాను.

"అమ్మకు ఫోను చెయ్యనా?"

"చెయ్యి."

పడుకోగానే నిద్ర పట్టింది. ఈ మధ్య అలా పట్టలేదు.

జూలై 5

ఏలూరు. వాన. డాక్టరమ్మ పెద్దావిడ. గట్టిగా మాట్లాడుతుంది, రోజూ చెవిటివాళ్ళతో మాట్లాడి అలవాటేమో. శాలినికి నిద్రమందు తాగించి, తలకు తీగలు అంటించారు. తీగలంటే నాకు భయం లేదు గాని ఆ తీగలు చూడలేకపోయాను. బయట వరండాలో నిలబడ్డాను. అత్త కూడా బయటే ఉంది. ఆమె ప్రార్థన చేసుకుంటోంది. నా పేరు కూడా వచ్చింది అందులో.

తర్వాత లోపలికి పిలిచారు.

రెండు చెవులకూ వినికిడి సమానంగా తక్కువట. చాలా తక్కువ. అసలు లేకపోలేదు. బొంగురు శబ్దాల వైపు కొంత మిగిలి ఉందట.

నేను అడగాల్సింది అడిగాను. "నాది కార్లకు స్పీకర్లు బిగించే కొట్టండీ. ఆ మోతకు..."

"పాపను ఆ పెట్టెలో పెట్టి మూత వేశారా?"

"లేదండీ."

"మరి ఆ మాట నాకెందుకు చెబుతున్నారు? ఇది పుట్టుకతో వచ్చింది. మేనరికమా?"

"అవునండీ. మా మేనమామ కూతురు."

"మీ వాళ్ళల్లో మూగవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

లేరన్నాను. హెప్సిబా "ఏసోబు తాత" అంది. నాకు తట్టనే లేదు. మా అమ్మకూ, మా మామయ్యకూ బాబాయి. గేదెలు కాసుకునేవాడు. చిన్నప్పుడు ఏదో చూసి జడుసుకుని మాట పడిపోయిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆయన్ను ఎవరూ ఏ డాక్టరుకూ చూపించలేదు. అదే చెప్పాను.

డాక్టరమ్మ రాసుకుంది. "జడుపు కాదు ఏమీ కాదు. సరే, పాపకు చెవి మిషను పెడదాం. రోజూ వచ్చి మాటలు నేర్చుకోవాలి. మూడేళ్ళకే తెచ్చారు, సంతోషం. ఏడేళ్ళకు తెస్తారు కొందరు, బళ్ళో మేష్టారు కొట్టాక."

అత్త తలుపు దగ్గర నిలబడి అంతా వింది. ఈ సంబంధం బయటికి పోకూడదని మా పెళ్ళప్పుడు పట్టుబట్టింది ఆమే. అది ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అనాలని కూడా అనిపించలేదు.

బస్టాండులో అత్త నాకు టీ తెచ్చి ఇచ్చింది. "పంచదార ఎక్కువ వేయించాను" అంది. నేను పంచదార ఎక్కువ తాగుతానని ఆమెకు తెలుసని నాకు తెలియదు.

బస్సులో శాలిని ఇంకా మందు మత్తులోనే ఉంది. హెప్సిబా నా భుజం మీద తల పెట్టి గూడెం దాకా నిద్రపోయింది. వానకు కిటికీ షట్టరు సరిగ్గా పడక ఎడమ చెయ్యి అంతా తడిసింది. కదపలేదు.

జూలై 6

కొట్టు తెరిచాను. ఏ ఇబ్బందీ లేకుండా తెరిచాను.

జూలై 9

మురళి పెట్టె తీసుకోవడానికి వచ్చాడు. పై గుడ్డ అంటించలేదని చెప్పి కొన్నాళ్ళు గడువు అడిగాను. నిజంగానే అంటించలేదు. దానితో నాకు ఇంకా పని ఉంది.

జూలై 16

మిషను వచ్చిందంటే ఏలూరు వెళ్ళాం. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఛాతీ మీద సంచిలో ఉంటుంది, అక్కడి నుంచి తీగలు చెవులకు వెళ్తాయి. డాక్టరమ్మ బిగించగానే శాలిని కెవ్వుమని ఏడ్చి లాగి పారేసింది. "వినపడింది కాబట్టే ఏడ్చింది" అంది డాక్టరమ్మ. ఆమె నమ్మకం ఆమెది.

అత్త మా వెంట గూడెం వచ్చింది.

జూలై 17

రెండు నిమిషాలు ఉంచుకుంది. తీగ కొరికింది.

జూలై 19

ఇవాళ ఎక్కువసేపే ఉంచుకుంది. కొట్టుకు తీసుకొచ్చాను. టైరు మీద మూసిన పెట్టె. శాలిని వీపు పెట్టి కూర్చుంది. పెట్టాను. స్క్రూలు వేసుకుంటోంది. తల కొంచెం కదిలినట్టుంది. కదిలిందని రాయను. మళ్ళీ మొదటికి రావడం నాకు ఇష్టం లేదు. ఆపేశాను.

జూలై 20

ఉదయం నేను పళ్ళు తోముకుంటున్నాను. శాలిని మిషను తగిలించుకుని పెరట్లో కూర్చుని ఉంది. పక్కింటి కోడి గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్ళింది. అత్త లోపలి నుంచి "ఓసి నీ దుంపతెగా, బియ్యంలో కాలు పెట్టావే!" అని అరిచింది.

శాలిని తిరిగింది.

అత్త ఆ పిల్లకు కనపడటం లేదు. మధ్యలో గోడ. గాలి లేదు, అదురు లేదు. తిరిగి వంటింటి గుమ్మం వైపే చూస్తూ ఉంది. నేను నోట్లో నురగతోనే హెప్సిబాను పిలిచాను. ఆమె వచ్చింది.

"అత్తా, మళ్ళీ అరవండి" అన్నాను.

"ఎందుకబ్బాయ్? కోడి పోయింది."

"ఉన్నట్టే తిట్టండి."

"లేని కోడిని తిట్టడానికి నాకేమన్నా మతి పోయిందా!" అని అత్త అరిచింది. శాలిని మళ్ళీ తిరిగింది.

హెప్సిబా అరుగు మీద కూర్చుని నవ్వింది. ఆపుకోలేకపోయింది. "ఇన్నాళ్ళూ పెట్టెలు చేశారు బావా. మా అమ్మ గొంతు ఉందని మరిచిపోయారు."

అత్తకు కోపం వచ్చింది. సంగతి తెలిశాక కోపం పోయి, ఇంట్లో అన్ని మూలల నుంచీ శాలినిని పిలవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది.

జూలై 21

మూసిన పెట్టెకు నల్ల గుడ్డ అంటించాను. మురళి వచ్చి తీసుకుపోయాడు. డిక్కీలో పక్కకు చక్కగా సరిపోయింది. బస్తాకు చోటు మిగిలింది.

"మొదటి నుంచీ ఇదే చెయ్యొచ్చు కదండీ" అన్నాడు.

"చెయ్యొచ్చు" అన్నాను.

జూలై 24. ఆదివారం

వాన ఆగింది. సాక్ష్యాలప్పుడు హెప్సిబా లేచింది. "మా పాపకు చెవుడు ఉంది. మిషను పెడితే కొంచెం వింటోంది" అని కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు. నేను లేవలేదు. చెప్పాల్సింది ఆమె చెప్పేసింది.

జూలై 28

డాక్టరమ్మ దగ్గర మాటలు నేర్పే టీచరు సోమవారం నుంచి రోజూ రమ్మంది. గూడెం నుంచి రోజూ తిరగడం కుదరదు. తల్లీ పిల్లా ఏలూరులో అత్త ఇంట్లోనే ఉంటారు. ప్రతి శనివారం కొట్టు కట్టేసి నేను వెళ్తాను. ఎన్నాళ్ళని అడిగితే టీచరు నవ్వింది.

పోర్టు బాక్సు ఇంకా కొట్టులోనే ఉంది. ఎవరైనా అడిగితే ఇస్తాను.

ఆగస్టు 1. సోమవారం

తెల్లవారే దాకా వాన, తర్వాత తెరిపి ఇచ్చింది. స్టేషనుకు నడిచే వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. అవతలి లైను మీద గూడ్సు కూత వేసింది. శాలిని తిరిగింది. నేనూ తిరిగాను.

ఏలూరు పాసింజరుకు హెప్సిబా, శాలిని, అత్త వెళ్ళారు. ఉదయం ఏడు దాటాక.